నాలుగు రాత్రులు

ఎక్స్ఛేంజీ వాళ్ళిచ్చిన క్యాలెండర్లో
అయిపోయిన నెల చింపి
వెనక తెల్లటి వైపున
ఓబులేసు నిలువునా ఒక గీత కొట్టినాడు.
ఎడమ పక్క దినార్లు, కుడి పక్క దినాలు.
రెండూ తక్కువే.

ఫర్వానియాలో, నాలుగో అంతస్తులో,
కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కి
దుమ్ముగాలిని ఆపి
మేము శ్రీలంక పోతాండాం.

పెళ్ళై పదకొండేళ్ళు.
విమానమెక్కితే ఒకటి పని, లేదంటే ఇల్లు.
ఊరికే పోవడం, ఊరికే రావడం
మాకు చేతనైతాదో కాదో
ఈ పండగ సెలవుల్లో తేలిపోవాల.
ఇంటికి ఫోన్లో చెప్పలేదు.
ఆడ ఎవరుండారని పోతారు, అంటారు.
కఫీలు సరేనన్నాడు,
పాస్‌పోర్టు మాత్రం ముందురోజు సాయంత్రం ఇస్తాడంట.

తెల్లారుజాము టికెట్టు అగ్గవ.
రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీల్లో కూచుంటే
ఒక గది బాడుగ మిగిలినట్టే.
చిత్రాన్నం కట్టుకోని పోతే ఒక పూట తిండి.
ఒక దినారుకు ఆడ ఎన్ని వందలొస్తాయో
ఫోన్లో కొట్టి కొట్టి చూసి
కొంచేపు షేకు మాదిరి కాళ్ళు చాపినాడు.

"సముద్రానికి అంత దూరం యాల? సాల్మియాలో లేదా?"
ఉండాది. రోజూ చూస్తా.
స్కూలు బస్సు వెనక సీట్ల కాడ నిలబడి
పిల్లోళ్ళ బెల్టులు సర్దతా,
రెండు సిగ్నళ్ళ మధ్య పట్టేంత సముద్రం.
ఎర్రలైటు పడితే ఇంకాస్త.
కాలు పెట్టింది లేదు.

నేను బీచి అంటే ఆయన గుడి అన్నాడు.
కాండీలో బుద్ధుని పన్ను ఉండాదంట,
బంగారు డబ్బాలో డబ్బా, దాంట్లో ఇంకో డబ్బా.
"పన్ను లేని దేశమని ఈడికి వస్తిమి,
పన్ను చూడను డబ్బులిచ్చి పోవాల్నా?"
అంటే పడీ పడీ నవ్వినాడు.
నవ్వు ఆగినాక అదీ రాసినాడు:
పన్ను, మనిషికి ఇంత.

కుసుమలతను అడుగుదామంటి.
పేరు వింటే మా కమలాపురం మనిషే అనుకుంటారు,
కాండీ అవతల కొండ మీద ఊరు.
మా స్కూల్లో బాత్రూములు కడుగుతాది, తొమ్మిదేళ్ళుగా.
ఆడ చూడాల్సినవి చెప్పు అంటే
చీపురు గోడకానించి ఆలోచించింది.
"నేను చూడలేదు అక్కా," వచ్చీరాని హిందీలో,
"ఈడికి వచ్చే రోజు బస్సులోంచి
బంగారు రంగు కప్పు కనపడింది. అంతే."

మర్నాడు సంచి తెచ్చింది.
పాలపొడి డబ్బాలు రెండు,
గొడ్డలి బొమ్మ తైలం సీసాలు, సబ్బులు,
ఒక కాగితం మీద పెన్సిల్తో గీసిన పాదం.
పాపది. పోయినేడు వచ్చిందంట.
ఆ గీత చుట్టూ ఇంకో గీత,
చిటికెనవేలి మందం ఎడంగా,
ఏడాదికి ఎంత పెరిగుంటాదో తల్లి వేసిన లెక్క.
ఆ బయటి గీత కొలతకు కొన్న తెల్ల బూట్లు.

ఓబులేసు సంచిని స్ప్రింగు కాటాకు తగిలించినాడు.
ఎనిమిది కిలోల మూడొందలు.
చవక టికెట్టుకు ఇద్దరికీ కలిపి ఇరవై.
పెట్టెలోంచి తన ప్యాంట్లు రెండు తీసి
మంచం మీద పెట్టినాడు, మాట్లాడకుండా.

ఆమె ఊరు బీచికి ఎదురు దిక్కు.
మ్యాపులో జానెడే, బస్సులో ఆరు గంటలు.
ఉన్నవి నాలుగు రాత్రులు.
మూడో రోజు ఎదురుగా "బీచి" అట్లే ఉండాది,
కొట్టెయ్యలేదు,
దాని పక్కనే ఆ ఊరి పేరు
ఒత్తులు తప్పుగా ఇరికించినాడు.

ఇంకా పన్నెండు దినార్లు చాలలేదు.
ఏసీ నీళ్ళు బకెట్లో టప్ టప్‌మంటాండాయి.
చూడాల్సినవి అనే మాట కింద
పన్ను, కొండ రైలు, సముద్రం,
ఆ కింద తన కోడిగీతల్లో ఇంకేదో రాసి
నాకు చూపించకుండా మడిచినాడు.
నిద్రపోయినాక ఫోను వెలుగులో విప్పి చూస్తి:

బూట్లు సరిపోయినాయో లేదో.